రా ఫొటోలను బుల్లి బ్లాక్ అండ్ వైట్ ఫైళ్లుగా మార్చడం ఎలా? పాత పద్దు పుస్తకంతో పూర్తి గైడ్

మొన్న పండక్కి ఊరెళ్లినప్పుడు నాన్న అటక మీద నుంచి ఒక ట్రంకు పెట్టె దించారు. అందులో తాతయ్య కిరాణా కొట్టు పద్దు పుస్తకం ఉంది. దాదాపు 160 పేజీలు. నీలం సిరా రాత, పసుపెక్కిన కాగితం, ముట్టుకుంటే విరిగే అంచులు. "దీన్ని ఫొటోలు తీసి ఒకే ఫైల్ చెయ్యరా, అత్తయ్యకీ బాబాయికీ పంపిద్దాం" అన్నారు. ఆ వెనకే "సాఫ్ట్‌వేర్ వాడివి కదా" అని కూడా వచ్చింది. అది ఎలాగూ వస్తుంది!

సరే అని ఫోన్‌లో ప్రో మోడ్ ఆన్ చేసి, అన్ని పేజీలూ రా ఫార్మాట్‌లో తీశాను. రెండు రాత్రులు కూర్చుని అంతా బ్లాక్ అండ్ వైట్ పీడీఎఫ్ చేశాను. దాదాపు నాలుగు జీబీ ఫొటోలు 16 ఎంబీకి వచ్చేశాయి. అక్షరాలు అచ్చు వేసినట్టు నల్లగా, కాగితం పాలలా తెల్లగా. నాకైతే భలే గర్వంగా అనిపించింది. నాన్న ఫోన్‌లో తెరిచి, నాలుగు పేజీలు జరిపి, కళ్లజోడు సర్దుకుని అడిగారు: "ఏరా, ఊరు ఊరంతా మనకి బాకీ ఉన్నట్టు చేశావేంటి?"

ఆయన ఎందుకలా అన్నారో కింద చెప్తాను. ముందు ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. రా నుంచి బ్లాక్ అండ్ వైట్‌కి వెళ్లే దారిలో ప్రతి స్టెప్‌లోనూ మనం ఏదో ఒకటి పారేస్తూ ఉంటాం. ఫైల్ చిన్నది అయ్యేది అందుకే. ఏం పారేస్తున్నామో తెలిసి పారేస్తే అది కంప్రెషన్. తెలియకుండా పారేస్తే అది పోగొట్టుకోవడం.

ముందుగా: బ్లాక్ అండ్ వైట్ అంటే రెండు అర్థాలు

మనం "బ్లాక్ అండ్ వైట్ ఫొటో" అని పిలిచేది నిజానికి గ్రేస్కేల్. అందులో నలుపుకీ తెలుపుకీ మధ్య బూడిద రంగు షేడ్లు ఉంటాయి. 8 బిట్ ఫైల్ అయితే ఒక్కో పిక్సెల్‌కి 256 షేడ్లు. అమ్మానాన్నల పెళ్లి ఫొటో, ల్యాండ్‌స్కేప్, పోర్ట్రెయిట్ లాంటివి అయితే ఇదే కావాలి. అలాంటి వాటిని గ్రేస్కేల్ జేపెగ్‌గానో వెబ్‌పీగానో సేవ్ చేసుకుంటే సరిపోతుంది.

రెండోది బైలెవెల్. ఇందులో ఒక్కో పిక్సెల్‌కి ఒక్కటే బిట్. ఉంటే నలుపు, లేకపోతే తెలుపు. మధ్యలో ఏమీ ఉండదు. చేతిరాత, పుస్తకం పేజీలు, రసీదులు, ప్లాన్లు లాంటి వాటికి ఇది సరిగ్గా సరిపోతుంది. ఈ ఆర్టికల్ ఈ రెండో రకం గురించే.

రా ఎందుకు? మామూలు జేపెగ్ చాలదా?

ఇక్కడ "రా" అంటే రమ్మని పిలవడం కాదు, వండని పచ్చి డేటా. సెన్సర్ మీద ఒక్కో గడిలో ఎంత వెలుతురు పడిందో ఆ లెక్కే ఫైల్‌లో ఉంటుంది. చాలా ఫోన్లు దీన్ని డీఎన్‌జీ అనే ఫైల్‌గా ఇస్తాయి. ఈ ఫార్మాట్‌ని అడోబీ 2004లో తెచ్చింది. ఆండ్రాయిడ్‌లో 5.0 వెర్షన్ నుంచి యాప్‌లకి రా సపోర్ట్ ఉంది. ఐఫోన్‌లో అయితే 12 ప్రో నుంచి ప్రోరా వచ్చింది. అది కొంత ప్రాసెస్ అయిన రా, అయినా మన పనికి పనికొస్తుంది.

డాక్యుమెంట్‌కి రా వల్ల మూడు లాభాలు ఉన్నాయి.

మొదటిది, జేపెగ్ ఫొటోని 8 బై 8 పిక్సెల్ గళ్లుగా కోసి కంప్రెస్ చేస్తుంది. దాని వల్ల అక్షరాల అంచుల చుట్టూ సన్నటి మురికి లాంటిది వస్తుంది. మామూలుగా చూస్తే కనపడదు. కానీ దాన్ని నలుపు తెలుపుగా మార్చగానే అక్షరం చుట్టూ దోమలు ముసిరినట్టు చుక్కలు తేలతాయి.

రెండోది, ఫోన్ జేపెగ్‌లో రంగు వివరాలు సాధారణంగా సగం రిజొల్యూషన్‌లోనే సేవ్ అవుతాయి. మన కంటికి తేడా తెలియదు. కానీ మనం తర్వాత ఎరుపు ఛానెల్, ఆకుపచ్చ ఛానెల్ విడదీసి వాడబోతున్నాం. అప్పుడు ఆ తేడా దెబ్బకొడుతుంది.

మూడోది, ఫోన్ తనకి తోచినట్టు షార్ప్‌నెస్ పెంచుతుంది, నాయిస్ తుడుస్తుంది, నీడల్ని లేపుతుంది. వెలిసిపోయిన సన్నటి గీత నాయిస్ అనుకుని దాన్ని కూడా తుడిచేయొచ్చు. రా ఫైల్‌లో ఆ తెలివితేటలు తక్కువ. ఇక్కడ మనకి అదే మంచిది.

చిన్న లెక్క

12 మెగాపిక్సెల్ ఫొటో అంటే దాదాపు 4000 బై 3000 పిక్సెల్స్. సెన్సర్ ఒక్కో పిక్సెల్‌కి 10 నుంచి 14 బిట్లు ఇచ్చినా, ఫైల్‌లో చాలాసార్లు 16 బిట్ల చోటు తీసుకుంటుంది. అంటే కంప్రెస్ చేయని ఒక్క రా ఫొటో 24 ఎంబీ. 160 పేజీలకి 3.8 జీబీ దాటుతుంది.

అదే ఫొటోని ఒక్క బిట్‌కి దించితే కోటీ ఇరవై లక్షల బిట్లు, అంటే 1.5 ఎంబీ. ఇంకా కంప్రెషన్ మొదలే పెట్టలేదు, అప్పుడే 16వ వంతు అయింది. దాని మీద మంచి కంప్రెషన్ పడితే మామూలు రాత పేజీ 100 కేబీ అటూ ఇటూగా వస్తుంది.

రిజొల్యూషన్ సంగతి కూడా చూద్దాం. ఏ4 కాగితం 8.27 బై 11.69 అంగుళాలు. ఫ్రేమ్ మొత్తం పేజీతో నింపితే అంగుళానికి దాదాపు 340 పిక్సెల్స్ వస్తాయి. చుట్టూ కొంచెం మార్జిన్ వదిలినా 300 డీపీఐ దగ్గర ఉంటాం. చేతిరాతకి ఇది చాలు. కాబట్టి 108, 200 మెగాపిక్సెల్ ఫోన్ లేదని బాధపడక్కర్లేదు. ఆ ఫోన్లు కూడా డిఫాల్ట్‌గా పిక్సెల్స్ కలిపి 12 మెగాపిక్సెల్ దగ్గరే ఫొటో ఇస్తాయి.

స్టెప్ 1: ఫొటో తీయడం

సగం పని ఇక్కడే అయిపోతుంది. ఇక్కడ తప్పు చేస్తే సాఫ్ట్‌వేర్‌లో ఎంత కిందా మీదా పడ్డా లాభం లేదు.

ఫ్లాష్ వద్దు. మధ్యలో తెల్లటి మచ్చ పడుతుంది. కిటికీ పక్కన, నేరుగా ఎండ తగలని చోట పుస్తకం పెట్టండి. రెండో వైపు తెల్ల చార్ట్ గానీ థర్మాకోల్ షీట్ గానీ నిలబెడితే నీడ తగ్గుతుంది.

ఫోన్‌ని స్టాండ్‌కి బిగించండి. స్టాండ్ లేకపోతే రెండు పుస్తకాల దొంతరల మీద స్కేల్ పెట్టి దాని మీద ఫోన్ ఆనించినా పర్వాలేదు. పేజీకి సమాంతరంగా ఉండటం ముఖ్యం. షట్టర్ నొక్కితే కదులుతుంది కాబట్టి 2 సెకన్ల టైమర్ పెట్టండి.

ప్రో మోడ్‌లో ఐఎస్ఓ అతి తక్కువకి దించండి. ఫోకస్, వైట్ బ్యాలెన్స్ లాక్ చేయండి. హిస్టోగ్రామ్ ఉంటే కుడివైపు కొండ (అది కాగితం) కుడి అంచుకి దగ్గరగా రావాలి, కానీ గుద్దుకోకూడదు. మీ ఫోన్ కెమెరాలో రా లేకపోతే ఓపెన్ కెమెరా లాంటి ఉచిత యాప్‌లో చూడండి. ఫోన్ హార్డ్‌వేర్ సపోర్ట్ చేస్తే అందులో డీఎన్‌జీ ఆప్షన్ కనిపిస్తుంది.

ఇప్పుడు చాలామంది వదిలేసే ఒక పని. పుస్తకం తీసేసి, అదే చోట, అదే వెలుతురులో, సెట్టింగ్ ఏదీ మార్చకుండా గీతలు లేని తెల్ల కాగితాన్ని ఒక ఫొటో తీయండి. దీన్ని ఫ్లాట్ ఫీల్డ్ ఫ్రేమ్ అంటారు. కిటికీ వైపు ఎక్కువ వెలుతురు, అవతల తక్కువ, లెన్స్ మూలల్లో ఇంకా తక్కువ. ఈ తేడాలన్నీ ఆ ఖాళీ ఫొటోలో రికార్డ్ అవుతాయి. పేజీ ఫొటోని దీంతో భాగిస్తే వెలుతురు తేడా కొట్టుకుపోయి కాగితం అంతా ఒకే తెలుపులోకి వస్తుంది. రా డేటా వెలుతురుకి నేరుగా అనులోమంగా ఉంటుంది కాబట్టి ఈ భాగహారం సరిగ్గా కుదురుతుంది. జేపెగ్‌లో ఫోన్ ఆ నిష్పత్తిని ముందే వంచేసి ఉంటుంది.

స్టెప్ 2: రా ఫైల్ తెరవడం

రాథెరపీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడదాం. విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ నడుస్తుంది. డీఎన్‌జీ తెరిచి ముందుగా న్యూట్రల్ ప్రొఫైల్ పెట్టండి. అప్పుడు అది సొంతంగా చేసే మెరుగులు ఆగిపోతాయి. రా ట్యాబ్‌లో ఫ్లాట్ ఫీల్డ్ అని ఉంటుంది, అక్కడ ఇందాకటి తెల్ల కాగితం ఫైల్ ఇవ్వండి. తర్వాత వైట్ బ్యాలెన్స్ పికర్‌తో పేజీలో రాత లేని చోట నొక్కండి. పసుపు దాదాపు పోయి కాగితం తెల్లబడుతుంది.

షార్ప్‌నింగ్ వద్దు. నాయిస్ రిడక్షన్ చాలా తక్కువ. ఒక పేజీకి సెట్ చేసిన ప్రొఫైల్‌ని మిగతా పేజీలన్నిటికీ కాపీ చేసి, క్యూలో పెట్టి, 16 బిట్ టిఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి. ఈలోగా టీ తాగి రావచ్చు.

స్టెప్ 3: రంగు నుంచి బూడిదకి. నేను దెబ్బతిన్నది ఇక్కడే!

రంగు ఫొటోని గ్రేస్కేల్ చేయడానికి మామూలు ఫార్ములా ఒకటి ఉంది: ఎరుపు 30 శాతం, ఆకుపచ్చ 59 శాతం, నీలం 11 శాతం. మనిషి కంటికి ఆకుపచ్చ ఎక్కువ వెలుగ్గా కనిపిస్తుంది కాబట్టి ఆ లెక్క. కానీ మన లక్ష్యం కంటికి అందం కాదు, కాగితానికీ సిరాకీ మధ్య వీలైనంత తేడా.

నీలం సిరా ఎరుపు వెలుతురుని పీల్చేసుకుంటుంది. అందుకే ఎరుపు ఛానెల్‌లో అది బాగా నల్లగా కనిపిస్తుంది. పసుపెక్కిన కాగితమేమో ఎరుపు ఛానెల్‌లో తెల్లగా ఉంటుంది. అంటే నీలం సిరా, పాత కాగితం కాంబినేషన్‌కి ఎరుపు ఛానెల్ సూపర్. తడి మరకలు, పసుపు మచ్చలు కూడా దాదాపు మాయం. ఇది చూసి ఆనందంతో 160 పేజీలూ ఎరుపు ఛానెల్ మీదే లాగించేశాను.

నాన్న అడిగింది దాని గురించే. "మీ తాత ఎవరి బాకీ తీరినా ఎర్ర సిరాతో పద్దు మీద గీత కొట్టి, పక్కన 'చెల్లు' అని రాసేవాడు కదరా. అవెక్కడ?"

ఎర్ర సిరా ఎర్ర వెలుతురుని పీల్చుకోదు, తిప్పి పంపిస్తుంది. ఎరుపు ఛానెల్‌లో ఎర్ర సిరా, తెల్ల కాగితం రెండూ ఒక్కలాగే ఉంటాయి. మరకలతో పాటు చెల్లు మార్కులన్నీ ఎగిరిపోయాయి. పేర్లు ఉన్నాయి, అంకెలు ఉన్నాయి, తీర్చేసిన సంగతి మాత్రం లేదు. ఆ పేర్లలో మా వీధి వాళ్ల తాతలు, నాయనమ్మలు ఉన్నారు. ఎప్పుడో తీర్చిన బియ్యం బాకీ, బెల్లం బాకీ నా ఫైల్‌లో మళ్లీ తిరగబడ్డాయి. అత్తయ్యకి పంపకముందే నాన్న చూశారు కాబట్టి సరిపోయింది.

ఎక్కడా ఎర్రర్ మెసేజ్ రాలేదు. ఫైల్ చెడిపోలేదు. పేజీ చూడటానికి ఒరిజినల్ కంటే శుభ్రంగా ఉంది. సమస్య కూడా అదే. లోపం ఉన్నట్టు కనిపిస్తే మళ్లీ చూస్తాం. శుభ్రంగా ఉన్నదాన్ని ఎవరు అనుమానిస్తారు?

దీనికి మందు చాలా సింపుల్. ఎర్ర సిరా ఆకుపచ్చ ఛానెల్‌లో నల్లగా ఉంటుంది, నీలం సిరా ఎరుపు ఛానెల్‌లో నల్లగా ఉంటుంది. కాబట్టి రెండు ఛానెల్స్ తీసుకుని, ఒక్కో పిక్సెల్ దగ్గర రెండిట్లో ఏది ఎక్కువ నల్లగా ఉంటే అది ఉంచుకోవాలి.

గింప్‌లో ఇలా చేయొచ్చు. లేయర్‌ని డూప్లికేట్ చేయండి. కలర్స్ మెనూలో కాంపొనెంట్స్‌కి వెళ్లి ఎక్స్‌ట్రాక్ట్ కాంపొనెంట్‌తో ఒక లేయర్‌కి ఎరుపు, ఇంకో లేయర్‌కి ఆకుపచ్చ తీయండి. పై లేయర్ మోడ్‌ని డార్కెన్ ఓన్లీకి మార్చి, రెండిటినీ ఫ్లాటెన్ చేయండి. తర్వాత మోడ్ గ్రేస్కేల్, 8 బిట్‌కి దించి టిఫ్‌గా సేవ్ చేయండి. పేజీలు వందల్లో ఉంటే ఇమేజ్‌మ్యాజిక్‌తో ఇదే పనిని స్క్రిప్ట్‌గా రాసుకోవచ్చు: ఎరుపు, ఆకుపచ్చ ఛానెల్స్‌ని సెపరేట్ చేసి, ఈవాల్యుయేట్ సీక్వెన్స్ అనే ఆప్షన్‌లో మిన్ ఇస్తే చాలు.

మీ డాక్యుమెంట్‌లో ఏయే రంగుల సిరా, స్టాంపులు, పెన్సిల్ గీతలు ఉన్నాయో ముందే ఒక కాగితం మీద రాసుకోండి. ఆ లిస్టులో ప్రతి రంగూ గ్రేస్కేల్‌లో కనిపిస్తోందా లేదా చూసుకున్నాకే ముందుకి వెళ్లండి.

స్టెప్ 4: త్రెషోల్డ్, అంటే గీత ఎక్కడ గీయాలి?

ఇప్పుడు 256 షేడ్లని రెండే రెండు చేయాలి. ఈ షేడ్ కంటే ముదురైతే నలుపు, లేతైతే తెలుపు అని ఒక గీత గీయడమే త్రెషోల్డింగ్.

పేజీ మొత్తానికి ఒకే గీత అయితే 1979లో నొబుయుకి ఓట్సు ఇచ్చిన పద్ధతి బాగా పాపులర్. హిస్టోగ్రామ్‌లో సిరా గుంపు, కాగితం గుంపు ఎక్కడ బాగా విడిపోతాయో లెక్కగట్టి గీతని అక్కడ పెడుతుంది. కొత్త ప్రింట్ పేజీలకి ఇది చాలు.

పాత చేతిరాతకి చాలదు. ఒకే లైన్‌లో పెన్ను సిరాలో ముంచగానే రాసిన అక్షరం ముదురుగా, సిరా అయిపోతున్నప్పుడు రాసింది లేతగా ఉంటాయి. ఇక్కడ 2000లో వచ్చిన సౌవోలా పద్ధతి ఉపయోగపడుతుంది. ఇది ఒక్కో పిక్సెల్ చుట్టూ చిన్న కిటికీ తీసుకుని, ఆ కిటికీలో సగటు షేడ్ ఎంత, షేడ్లు ఎంత మారుతున్నాయి అని చూస్తుంది. మార్పు లేకపోతే అది ఖాళీ కాగితం అనుకుని గీతని కిందికి దించుతుంది, అందువల్ల కాగితం తెల్లగానే మిగులుతుంది. మార్పు ఎక్కువగా ఉంటే అక్కడ రాత ఉందని గీతని సగటుకి దగ్గరగా ఉంచుతుంది.

స్కాన్ టైలర్ అడ్వాన్స్‌డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఓట్సు, సౌవోలా రెండూ ఉన్నాయి. పేజీ వంకర సరిచేయడం, మార్జిన్లు కూడా అదే చూసుకుంటుంది. ఇన్‌పుట్ డీపీఐ అడిగితే 300 ఇవ్వండి, అవుట్‌పుట్ 600 పెట్టండి. ముందు సైజు పెంచి తర్వాత త్రెషోల్డ్ చేయడం వల్ల అంచులు మెట్లు మెట్లుగా కాకుండా నున్నగా వస్తాయి. కిటికీ సైజు రెండు మూడు అక్షరాల ఎత్తు ఉంటే బాగుంటుంది. సౌవోలా కోఎఫిషియెంట్ పెంచితే గీతలు సన్నబడతాయి, తగ్గిస్తే లావవుతాయి. మొత్తం మీద రన్ చేసే ముందు బాగా వెలిసిపోయిన పేజీ, బాగా ముదురుగా ఉన్న పేజీ రెండిటి మీదా పరీక్షించండి.

స్టెప్ 5: చుక్కలు తుడిచేటప్పుడు జాగ్రత్త

త్రెషోల్డ్ అయ్యాక దుమ్ము, కాగితం పీచు అన్నీ చిన్న చిన్న నల్ల చుక్కలుగా మిగులుతాయి. వాటిని తుడవడానికి డీస్పెకిల్ అని ఆప్షన్ ఉంటుంది. గట్టిగా పెడితే పేజీ మెరిసిపోతుంది.

కానీ మన లిపిలో చుక్క అంటే దుమ్ము కాదు! "ఠ"లో చుక్క పోతే "ర" అవుతుంది. "థ"లో చుక్క పోతే "ధ" అవుతుంది. "ధ" కింద ఒత్తు పోతే "ద" అవుతుంది. పద్దుల్లో అయితే ఇంకా ప్రమాదం. 1.50లో చుక్క పోతే రూపాయిన్నర కాస్తా నూటయాభై అవుతుంది. తాతయ్య పద్దులో ఒకచోట నా వల్ల సరిగ్గా ఇదే జరిగింది. కింద మొత్తం కూడి చూసుకుంటే లెక్క కుదరలేదు, అలా దొరికింది.

కాబట్టి డీస్పెకిల్ అతి తక్కువలో పెట్టండి. పేజీ మీద నాలుగు మచ్చలు మిగిలినా పర్వాలేదు.

ఇంకో గోతి: డితరింగ్. కొన్ని సాఫ్ట్‌వేర్లు నలుపు తెలుపుకి మార్చేటప్పుడు బూడిద రంగుని అనుకరించడానికి చుక్కలు చల్లుతాయి. ఇమేజ్‌మ్యాజిక్‌లో మోనోక్రోమ్ ఆప్షన్ డిఫాల్ట్‌గా ఇదే చేస్తుంది. రాతకి ఇది వద్దు. గింప్‌లో ఇండెక్స్‌డ్ మోడ్‌కి మార్చేటప్పుడు 1 బిట్ నలుపు తెలుపు ప్యాలెట్ ఎంచుకుని, డితరింగ్ నన్ అని పెట్టండి.

స్టెప్ 6: జీ4 కంప్రెషన్, ఫ్యాక్స్ కాలం నాటి తెలివి

ఇప్పుడు సేవ్ చేయాలి. టిఫ్ ఎక్స్‌పోర్ట్‌లో కంప్రెషన్ దగ్గర సీసీఐటీటీ గ్రూప్ 4 అని కనిపిస్తుంది. గింప్‌లో ఇమేజ్ 1 బిట్ అయితేనే ఈ ఆప్షన్ వెలుగుతుంది. స్కాన్ టైలర్ అడ్వాన్స్‌డ్ అయితే బ్లాక్ అండ్ వైట్ అవుట్‌పుట్‌ని ఇందులోనే ఇస్తుంది.

ఇది 1984లో ఫ్యాక్స్ మెషిన్ల కోసం వచ్చిన స్టాండర్డ్. అంతకుముందు 1980లో వచ్చిన గ్రూప్ 3కి తమ్ముడు. పాతదే అయినా లాజిక్ భలే ఉంటుంది. ఒక్కో వరుసలో నలుపు తెలుపు ఎక్కడ మారుతున్నాయో పై వరుసతో పోల్చి చెప్తుంది. పై వరుసలో మారిన చోటే ఇక్కడా మారితే ఖర్చు ఒక్క బిట్. ఒక పిక్సెల్ అటో ఇటో జరిగితే మూడు బిట్లు. అక్షరం గీతలు కిందికి దిగేకొద్దీ కొంచెం కొంచెమే జరుగుతాయి కదా, అందుకే ఇంత తక్కువలో అయిపోతుంది. 4000 వరుసలున్న పూర్తి ఖాళీ పేజీ అయితే వరుసకి ఒక బిట్ చొప్పున 4000 బిట్లు, అంటే 500 బైట్లే!

అదే పైన ఏమీ లేని చోట ఒంటరి చుక్క పడిందనుకోండి. అది ఎక్కడ ఉందో కొత్తగా వర్ణించాలి, కింది వరుసలో అది లేదని మళ్లీ చెప్పాలి. ఒక్క చుక్కకి సుమారు 25 బిట్లు. లక్ష చుక్కలుంటే 300 కేబీ వృథా. డితరింగ్ చేసిన ఇమేజ్‌కి జీ4 వాడితే కంప్రెస్ చేయనిదానికంటే ఫైల్ పెద్దదయ్యే ఛాన్స్ కూడా ఉంది. కాబట్టి ఫైల్ సైజు తగ్గాలంటే చూడాల్సింది కంప్రెషన్ సెట్టింగ్ కాదు, ఫొటో తీసేటప్పుడు వెలుతురు, నాయిస్.

ఇంకో మంచి విషయం: 300 నుంచి 600 డీపీఐకి వెళ్తే పిక్సెల్స్ నాలుగింతలు అవుతాయి కానీ, జీ4 ఫైల్ దాదాపు రెండింతలే పెరుగుతుంది. ఖర్చంతా అంచుల మీదే, లోపలి నలుపు మీద కాదు. పైగా ఇది లాస్‌లెస్. ఇచ్చిన ప్రతి పిక్సెల్ అలాగే తిరిగొస్తుంది.

జేబిగ్2 ఇంకా చిన్నది కదా, అది వాడొచ్చా?

2000లో వచ్చిన జేబిగ్2 అదే పేజీని జీ4 కంటే ఇంకా చిన్నగా చేయగలదు. పీడీఎఫ్‌లో కూడా పనిచేస్తుంది. కానీ దీనిలో రెండు దారులు ఉన్నాయి. లాస్‌లెస్ మోడ్ సేఫ్. లాసీ సింబల్ మోడ్ మాత్రం పేజీలో ఒకేలా కనిపించే ఆకారాలని వెతికి, ఒక్కటే దాచుకుని, మిగతా చోట్ల దాన్నే అతికిస్తుంది.

దీంతో ఏమవుతుందో 2013 ఆగస్టులో ప్రపంచానికి తెలిసింది. జర్మనీకి చెందిన కంప్యూటర్ సైంటిస్ట్ డేవిడ్ క్రీజెల్ ఒక ఇంటి ప్లాన్‌ని జిరాక్స్ వర్క్‌సెంటర్ మెషిన్‌లో స్కాన్ చేస్తే గదుల కొలతలు మారిపోయి కనిపించాయి. 21.11, 17.42 చదరపు మీటర్లున్న గదులు కూడా 14.13 అయ్యాయి. వేరే పేపర్లలో 6 కాస్తా 8 అయింది. అంకెలు మసకగా లేవు, పదునుగా ఉన్నాయి, కాకపోతే తప్పు. తర్వాత కంపెనీ సాఫ్ట్‌వేర్ ప్యాచ్‌లు ఇచ్చింది. మన దగ్గర ఫొటోకాపీకే జిరాక్స్ అని పేరు. ఉన్నది ఉన్నట్టు దించుతుందన్న నమ్మకం ఆ పేరులోనే ఉంది. ఆ నమ్మకాన్నే లాసీ కంప్రెషన్ దెబ్బతీసింది.

కాబట్టి లెక్కలు, పొలం కాగితాలు, మార్కుల లిస్టులు, ప్రిస్క్రిప్షన్లు లాంటి వాటికి లాసీ జేబిగ్2 అస్సలు వద్దు. జేబిగ్2ఎన్క్ టూల్ వాడితే డిఫాల్ట్ జెనరిక్ మోడ్‌లోనే ఉంచండి, అది లాస్‌లెస్. ఏ మోడో తెలియని యాప్ అయితే జీ4 దగ్గరే ఆగిపోండి. ఆ మిగిలే 30, 40 కేబీ కోసం ఇంత రిస్క్ అవసరమా?

స్టెప్ 7: పీడీఎఫ్, చెకింగ్, దాచుకోవడం

టిఫ్ ఫైళ్లు అందరి ఫోన్లలోనూ తెరుచుకోవు. అత్తయ్యకి టిఫ్ పంపితే వీడియో కాల్‌లో సగం రోజు టెక్ సపోర్ట్ చేయాల్సి వస్తుంది. పీడీఎఫ్ ఫార్మాట్ జీ4 డేటాని ఉన్నదున్నట్టుగా లోపల పెట్టుకోగలదు. ఐఎంజీ2పీడీఎఫ్ అనే టూల్ మళ్లీ కంప్రెస్ చేయకుండా నేరుగా చుట్టి ఇస్తుంది. వాట్సాప్‌లో పంపేటప్పుడు పీడీఎఫ్‌గా, డాక్యుమెంట్ ఆప్షన్‌లోనే పంపండి.

పంపే ముందు ఈ చెక్‌లిస్ట్ చూసుకోండి:

1. ప్రతి పదో పేజీని ఒరిజినల్ పక్కన పెట్టి లైన్ లైన్ పోల్చారా?
2. అన్ని రంగుల సిరాలూ, స్టాంపులూ, పెన్సిల్ గీతలూ కనిపిస్తున్నాయా?
3. లెక్కలుంటే కనీసం కొన్ని పేజీల మొత్తాలు కూడి చూశారా?
4. ఠ, థ, ధ లాంటి అక్షరాలు, పైసల చుక్కలు బతికి ఉన్నాయా?
5. ఆ రాత తెలిసిన మనిషికి ఒకసారి చూపించారా?

అయిదోది మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వదలకండి. నా ఫైల్‌లో లోపం ఏ సాఫ్ట్‌వేరూ పట్టుకోలేదు, నాన్న పట్టుకున్నారు. ఎర్ర గీత అంటే ఏంటో ఆయనకి తెలుసు, నాకు తెలియదు.

ఒరిజినల్ డీఎన్‌జీ ఫైళ్లు డిలీట్ చేయకండి. 4 జీబీ అంటే ఈ రోజుల్లో ఒక పెన్‌డ్రైవ్‌లో మూల. నేను తప్పు తెలుసుకున్నాక పుస్తకాన్ని మళ్లీ తెరిచి, ఆ విరిగే కాగితాలని మళ్లీ తిప్పాల్సిన పని పడలేదు. రా ఫైళ్లలో ఎర్ర సిరా భద్రంగా ఉంది. స్టెప్ 3 నుంచి మళ్లీ రన్ చేస్తే ఒక్క రాత్రిలో పనైపోయింది. స్థలం ఉంటే ఒక రంగు జేపెగ్ కాపీని కూడా పీడీఎఫ్ పక్కనే ఉంచండి. చదవడానికి నలుపు తెలుపు, అనుమానం వస్తే చూసుకోవడానికి రంగు.

ఎవరికి ఏది?

రాత, లెక్కలు, పుస్తకాలు: జీ4 టిఫ్, ఆ తర్వాత పీడీఎఫ్. మనుషుల ఫొటోలు, బొమ్మలు: గ్రేస్కేల్. రంగుకి అర్థం ఉన్న కాగితాలు, అంటే మ్యాపులు, రంగు స్టాంపులున్న దస్తావేజులు: రంగులోనే ఉంచండి, బైలెవెల్ చేయకండి. హడావిడిగా ఒక్క రసీదు పంపాలా? దీనికి ఇంత తతంగం అక్కర్లేదు, ఫోన్ స్కానర్ యాప్ చాలు.

రెండో వెర్షన్ పీడీఎఫ్ 17 ఎంబీ వచ్చింది, మొదటిదానికంటే ఒక్క ఎంబీ ఎక్కువ. కాగితం కూడా అంత తెల్లగా లేదు, అక్కడక్కడ మచ్చలున్నాయి. నాన్న మళ్లీ తెరిచి, నాలుగు పేజీలు జరిపి, ఒకచోట ఆగి వేలు పెట్టి చూపించారు. ఒక పేరు, పక్కన 12.75, దాని మీద అడ్డంగా గీత, చివర తాతయ్య చేతిరాతలో "చెల్లు". "ఇప్పుడు పంపు" అన్నారు.

ఆ పెరిగిన ఒక్క ఎంబీలో ఊరందరి బాకీలూ తీరిపోయాయి.